రాత్రి వేళ తాబేళ్లను చూపే పని తీరపల్లెలకే అప్పగించాలి

అవనిగడ్డ: మాఘ పౌర్ణమి నాడు హంసలదీవి సాగరసంగమంలో మునకలు వేయడానికి వేలాది జనం వస్తారు. స్నానాలు చేసి, వేణుగోపాలస్వామిని దర్శించుకుని, ఎవరి వూళ్లకు వారు వెళ్లిపోతారు. అయితే ఆ రోజుల్లోనే, జనం సద్దుమణిగిన తర్వాత, ఆ తీరానికి మరికొందరు యాత్రికులు కూడా వస్తారన్న సంగతి గుడివాడ, బందరు వైపు వారికి అంతగా తెలియదు. ఆ యాత్రికులే సముద్రపు తాబేళ్లు.

వీటిని ఆలివ్ రిడ్లే జాతి అంటారు. రెండడుగుల పొడవు, 40 కిలోల దాకా బరువు వుంటాయి. జనవరి నుంచి మార్చి వరకు, ఎక్కువగా రాత్రి వేళ, ఆడ తాబేలు ఒడ్డెక్కి, వెనుక కాళ్లతో ఇసుకలో అడుగున్నర లోతు గుంట తీస్తుంది. వంద గుడ్ల వరకు పెట్టి, గుంట పూడ్చి, సుమారు గంట సేపటిలో మళ్లీ సముద్రంలోకి పోతుంది. 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. కుక్కలు, నక్కలు గుడ్లు తవ్వి తినకుండా అటవీ శాఖ వారు దివిసీమ తీరంలో గుడ్లు సేకరించి, రక్షణ కేంద్రాలలో పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. ఇది మెచ్చుకోదగిన పని.

ఈ వింతను కళ్లారా చూడాలన్న కోరిక పట్నవాసులలో పెరుగుతోంది. మద్రాసులో ఈ అలవాటు పాతదే. అక్కడ 1988లో కొందరు విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడి, ఏటా తాబేళ్ల కాలంలో రాత్రిళ్లు తీరం వెంట కాలినడకన తిరుగుతూ గుడ్లను కాపాడుతున్నారు. చూడాలని వచ్చిన వారిని కూడా వెంట నడిపించుకు వెళుతున్నారు. ఎక్కడో మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో టోర్టుగేరో అనే తీరగ్రామం వుంది. ఒకప్పుడు అక్కడి వారు తాబేళ్లను, వాటి గుడ్లను పట్టి అమ్ముకుని బతికేవారు. ఇప్పుడు అవే తాబేళ్లను యాత్రికులకు చూపి జీవిస్తున్నారు. అక్కడ దారిచూపే మనిషి లేనిదే రాత్రి ఎవరినీ తీరానికి పోనివ్వరు.

ఇటువంటి నడకలు కృష్ణా ముఖద్వారాన కూడా పెట్టడం మంచిదే. కాని ఎవరి చేతుల మీదుగా పెట్టాలన్నదే అసలు ప్రశ్న. పట్నం నుంచి కార్లలో దిగి, టార్చిలైట్లు వేసుకుని, ఫొటోల కోసం తాబేలు చుట్టూ మూగితే అది బెదిరి, గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతుంది. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు వెలుగు కనబడిన వైపుకు పాకుతాయి. సముద్రం వైపు పోవలసినవి దీపాల వైపు వచ్చి చస్తాయి. చూడాలన్న వేడుకే వాటి ప్రాణం తీస్తుంది.

అందుచేత ఈ పని తీరపల్లెల మత్స్యకారులకు, మడ అడవుల్లో పీతలు పట్టి బతికే యానాదులకు అప్పగించడం న్యాయం. ఏ రాత్రి పోటు ఎంత వస్తుందో, ఏ దిబ్బ మీద నడవవచ్చో, ఏ పాయ దాటరాదో వారికి పుట్టుకతో వచ్చిన విద్య. అటవీ శాఖ వారు ఊరికి కొందరిని ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డులు ఇవ్వాలి. ఒక జట్టులో పదిమందికి మించి వుండరాదు. ఎర్రకాగితం చుట్టిన చిన్న దీపం తప్ప మరొకటి వాడరాదు. తాబేలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన తర్వాతనే, వెనుక వైపు నుంచి, దూరంగా నిలబడి చూడాలి. వసూలయిన రుసుములో అధిక భాగం ఊరికే చెందాలి.

ఇందులో మత్స్యకారులకు ఒక అనుమానం రావడం సహజం. 1989లో కృష్ణా అభయారణ్యం ప్రకటించినది మొదలు అడవి పేరు చెబితే ఆంక్షలే గాని ఆదాయం ఏదీ అని వారు అడిగితే తప్పు పట్టలేము. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట ఎలాగూ నిషేధం. తాబేలు వలలో చిక్కి, ఊపిరాడక చచ్చిపోతే నేరం, గుడ్లు తీస్తే నేరం అని చెప్పడంతో సరిపెట్టకుండా, బతికివున్న తాబేలు వల్ల ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయని చూపితే, కాపలా వాళ్లు లేకపోయినా పల్లెలే కాపలా కాస్తాయి.

మడ అడవిలో తిరిగే బావురుపిల్లి సంగతీ ఇంతే. చేపల మీద బతికే ఈ జంతువు రాత్రిపూటే బయటికి వస్తుంది. చెరువుల యజమానులకు దాని మీద కోపం వుండవచ్చు. దానిని చూపడం కూడా పల్లెకు జీవనాధారమయితే ఆ కోపం కొంతయినా తగ్గుతుంది. అయితే బురద, పాముల భయం వున్న మడ అడవిలోకి రాత్రి జనాన్ని తోలుకుపోవడం మాత్రం తగదు. గట్టు మీద నుంచి కనబడితే కనబడినట్లు, లేకుంటే లేదు. డబ్బు కట్టినంత మాత్రాన జంతువు ఎదురు వచ్చి నిలబడదని వచ్చేవారికి ముందే చెప్పాలి.

1977 ఉప్పెన చూసిన పెద్దలకు మడ అడవి విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ అడవి, ఆ తీరం నిలవాలంటే వాటిని నమ్ముకున్న పల్లెలు కూడా నిలవాలి. బయటి వ్యాపారులు వచ్చి దీపాలు, గుడారాలు వేసిన తర్వాత నియమాలు రాయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. అధికారులు, పంచాయతీలు ముందుగానే కూర్చుని నిర్ణయించుకోవడం ఎంతైనా అవసరం.