రోజుకు ఐదువేల పదాలు: ఎవరి కోసం ఈ టార్గెట్?

తెల్లవారుజామున సూళ్లూరుపేట స్టేషన్‌లో చెన్నై లోకల్ కోసం నిలబడేవాళ్లలో గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు పోయేవాళ్లుంటారు, చెన్నై ఆఫీసులకు పోయేవాళ్లుంటారు. చెన్నై దాకా ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, సాయంత్రం మళ్లీ అంతే. ఆ రైలెక్కే పని లేకుండా ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించే దారి ఉందంటే, డిగ్రీ చేతికొచ్చిన పిల్లలు ఆశపడటంలో వింతేముంది? వెబ్‌సైట్లకు వ్యాసాలు, యాప్‌లకు అనువాదాలు, యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు. పెట్టుబడి ఒక ల్యాప్‌టాప్, ఒక నెట్ కనెక్షన్. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఆ తర్వాత మొదలయ్యే బోధతోనే. రోజూ రాయి. రోజుకు ఐదువేల పదాలు రాయి. ఒక్కరోజు కూడా తప్పకు. నాలుగింటికి లే. కోర్సులమ్మేవాళ్లు, వీడియోల్లో గంభీరంగా వేలెత్తి చెప్పేవాళ్లు ఈ మాటను ఎంతగా వల్లె వేయించారంటే, ఇప్పుడది ఎవరూ ప్రశ్నించని శాస్త్రమై కూర్చుంది.

అది శాస్త్రం కాదు, పెద్ద మోసం. ఐదువేల పదాల టార్గెట్ పెట్టుకున్నది రాసేవాడే అయినా, అందులోని లాభం కొనేవాడి జేబులోకే పోతుంది.

ముందు ఈ బోధకులు తెచ్చుకునే సాక్షుల సంగతి చూద్దాం. అందరికన్నా పాత సాక్షి ఆంథొనీ ట్రోలప్. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 పదాల చొప్పున రాసేవాణ్నని 1883లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. బోధకులు ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. అదే పుస్తకంలో ఉన్న మిగతా సంగతులు వాళ్లకు పనికిరావు. ఆయన రాసింది పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు, మూడు గంటలే. అందులో మొదటి అరగంట నిన్నటి రాత చదువుకోవడానికే పోయేది. ఎనిమిదిన్నర దాటాక కలం ముట్టకుండా ఉద్యోగానికి పోయేవాడు. ముప్పై ఏళ్లకు పైగా తపాలా శాఖలో జీతం తీసుకున్న మనిషి ఆయన. పొద్దున్నే లేపి కాఫీ ఇవ్వడానికి ఒక నౌకరుకు ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు కూడా. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని ఫ్రీలాన్సరుకు ఈయన్ను ఆదర్శంగా చూపించడం న్యాయమేనా?

రెండో సాక్షి అమెరికా నవలాకారుడు స్టీఫెన్ కింగ్. రోజుకు రెండువేల పదాలు తన లెక్క అని 2000లో వచ్చిన పుస్తకంలో రాశాడు. కొత్తవాళ్లకు ఆయన సూచించింది వెయ్యే. వారానికో రోజు సెలవు కూడా తీసుకోమన్నాడు. ఇక 1999లో అమెరికాలో మొదలైన నవంబరు నెల నవలా పోటీలో ముప్పై రోజుల్లో యాభైవేల పదాలు రాయాల్సి ఉండేది, అంటే రోజుకు సుమారు 1,667. అది కష్టమని అందరికీ తెలుసు కాబట్టే ఏడాదికి ఒక్క నెల పెట్టుకున్నారు. మన బోధకులు చెప్పేది దానికి మూడు రెట్లు, అదీ ఏడాది పొడవునా.

పైగా ఈ అంకెలన్నీ ఇంగ్లీషువి. 'రాయలేకపోతున్నందువల్ల' అన్నది తెలుగులో ఒక పదం. ఆ భావానికి ఇంగ్లీషులో ఐదారు కావాలి. అక్కడి టార్గెట్‌ను తెచ్చి తెలుగు రాసేవాడి నెత్తిన పెడితే, మోసే బరువు చెప్పకుండానే పెరుగుతుంది. పదానికి ఇంత అని బేరమాడే అనువాదంలో మూలం పదాలు లెక్కపెడతారా, తెలుగు పదాలా అన్నది ముందే తేల్చుకోకపోతే అక్కడే సగం కూలి పోతుంది.

రోజూ రాయమన్న వాదానికి గట్టి ఉదాహరణ మన దగ్గరే ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. వరుసగా వంద రోజులు, రోజుకో కొత్త వ్యాసం రాయాలన్న వికీపీడియా సవాలును తెలుగులో ప్రణయ్‌రాజ్ వంగరి 2016 సెప్టెంబరు 8న అందుకున్నారు. వందతో ఆగకుండా వెయ్యి రోజులు దాటించారు. తెలుగు వికీపీడియాకు అది చిన్న మేలు కాదు. కానీ ఆ సవాలు షరతు ఏమిటి? రోజుకో వ్యాసం, అంతే. ఎన్ని పదాలన్నది ఎవరూ అడగలేదు. దాన్ని కొనేవాడు లేడు, మూడుసార్లు తిప్పి పంపేవాడు లేడు, నెల తిరిగేసరికి ఆ వ్యాసాల మీద ఇంటద్దె కట్టాల్సిన అవసరమూ లేదు. ఇష్టంతో చేసే సేవకు పనికొచ్చిన పద్ధతి కూలికి రాసేవాడికీ సరిపోతుందనుకోవడంలోనే పొరపాటుంది.

అసలు మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని అంచనా వేసుకోవడంలో ఎంత ఘోరమో 1979లోనే మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ చెప్పారు. 1994లో రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన మరీ ముచ్చటైనది. థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లంటే 49 అన్నారు. తీరా పట్టింది 55 రోజుల పైచిలుకు. చెడుగా ఊహించుకున్నదానికన్నా వాస్తవం చెడ్డది! దీనికి ఆ పరిశోధకుల వర్గం చూపిన మందు ఒకటే: రేపటి ఉత్సాహాన్ని నమ్మొద్దు, ఇంతకుముందు ఇలాంటి పనికి ఎంత పట్టిందో చూసుకో. ఫ్రీలాన్సరుకు దీని అర్థం ఒక నోటుపుస్తకం. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎన్నిసార్లు తిరిగొచ్చింది, డబ్బు ఏ తేదీన పడింది. నెలన్నర రాసుకుంటే చాలు, టార్గెట్ దానంతటదే తేలుతుంది.

ఒక్కరోజు తప్పితే అంతా పోయినట్టేనని భయపెట్టేవాళ్లకు సమాధానం సూళ్లూరుపేట దగ్గర్లోనే ఉంది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటకు పోయే దారి ఈ ఊరి మీదుగానే. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ఎగరాలి. దేశమంతా మేలుకుని చూస్తోంది, రాష్ట్రపతి అక్కడే ఉన్నారు. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లుండగా సాంకేతిక లోపం కనిపించి ఆపేశారు. వారం తర్వాత, జూలై 22న ఎగిరింది. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనం కౌంట్‌డౌన్ ఐదు సెకన్ల దగ్గర ఆగింది. కారణం వెతికి, సరిచేసి, అదే రోజు పది గంటలకు పంపారు. ఆగడాన్ని ముందే పద్ధతిలో భాగం చేసుకున్నవాళ్లు కాబట్టే ఆగినందుకు సిగ్గుపడలేదు. ఫ్రీలాన్సరు షెడ్యూలులో మాత్రం ఆగడానికి చోటే ఉండదు. జ్వరం, కరెంటు కోత, ఇంట్లో శుభకార్యం, అన్నీ 'క్రమశిక్షణ లేకపోవడం' ఖాతాలోకే పోతాయి. ఈ తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలూ తుపాన్లూ ఏటా ఉండేవే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచి, బాపట్ల దగ్గర తీరం దాటేదాకా ఈ పట్టీనంతా తడిపింది. జూన్ నెల టార్గెట్‌నే నవంబరుకూ పెట్టుకునేవాడు క్రమశిక్షణ గలవాడనుకోవడం కన్నా క్యాలెండరు చూడనివాడనుకోవడం సబబు.

రాకెట్ వాళ్లు ప్రయోగానికి ముందు దర్శించుకునే సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడి రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. అమ్మవారికి చెల్లింది. వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి 'చిన్న కరెక్షన్' పంపే క్లయింటుకు రాసేవాడి తలుపు కూడా అలాగే తెరిచి ఉండాలని ఏమీ లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పదానికి 80 పైసల రేటు అనుకుందాం. రోజుకు ఐదువేలు, నెలకు ముప్పై రోజులు, మొత్తం లక్షన్నర పదాలు, లక్షా ఇరవైవేల రూపాయలు. కోర్సు ప్రకటనలో మెరిసేది ఇలాంటి అంకే. నోటుపుస్తకం వేరే చెబుతుంది. వెతకడం, రాయడం, దిద్దడం అన్నీ కలుపుకుంటే గంటకు 400 పదాలు అనుకోండి. మెయిళ్లు, ఫోన్లు, కొత్త పని వెతుకులాట, బిల్లుల వెంటపడటం పోగా నికరంగా రాతకు మిగిలేది నాలుగు గంటలు. అంటే 1,600 పదాలు. ఇరవై రెండు పనిదినాలకు 35,200. ఐదింట ఒక రోజు ఏదో ఒక కారణంగా పోతుందనుకుంటే 28,160. రూపాయల్లో 22,528. ఫైవర్ లాంటి ఫ్రీలాన్సింగ్ సైట్‌లో దొరికిన పనైతే వాళ్ల వాటా 20 శాతం పోను చేతికొచ్చేది 18 వేలు.

ఈ పద్దెనిమిది వేల అంకెను చూడనివ్వకుండా చేయడమే ఐదువేల పదాల బోధ చేసే అసలు పని. ఆదాయం చాలకపోతే తప్పు నీ వేగానిది, నీ బద్ధకానిది అంటుంది. నిజమైన అంకె ఎదురుగా ఉంటే తప్పు రేటుదని వెంటనే తెలుస్తుంది. ముప్పై ఆరు వేలు కావాలంటే దారులు రెండు: పదాలు రెట్టింపు చేయడం, రేటు రెట్టింపు చేయడం. మొదటిది వెన్నుకూ మణికట్టుకూ చేటు, రెండోది బేరానికి సంబంధించిన విషయం.

రేటు పెంచితే పని ఇంకొకరికి పోతుంది కదా అంటారు. పోతుంది, కొంత. కానీ రాశి మీద బతకడం ఇప్పటికే పోయింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఐదువేల పదాలు పుట్టించడం నిమిషాల పని. ఆ వరదను తట్టుకోలేక 2024 మార్చిలో గూగుల్, ర్యాంకుల కోసం గుంపులుగా పుట్టించే పేజీలను స్పామ్ కింద చేర్చింది, వాటిని మనిషి రాసినా యంత్రం రాసినా సరే. యంత్రంతో వేగంలో పోటీపడమని కొత్తవాళ్లకు చెప్పడం దారుణం. నాయుడుపేట రైతుతో మాట్లాడి, తడ రొయ్యల చెరువు గట్టు మీద నిలబడి తెలుసుకుని రాసే వ్యాసానికి రోజులో ఆరువందల పదాలే రావచ్చు. రేటు అడగగలిగేది దానికే.

టార్గెట్‌లో చేర్చాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, బోధకులు వాటి ఊసే ఎత్తరు. ఉచితంగా ఎన్నిసార్లు సరిదిద్దుతారో ముందే రాసుకోవడం ఒకటి. బకాయిల సంగతి రెండోది. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదైనవారికి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. నమోదు ఉచితం, ఆధార్‌తో ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఈ వారం ఒకరోజు ఐదువేల పదాల్లో ఓ వెయ్యి తగ్గించుకుని ఆ పని ముగిస్తే, ఆరు నెలలుగా 'వచ్చే వారం వేస్తాం' అంటున్న క్లయింటుకు రాసే మెయిల్‌లో చట్టం సెక్షన్ నంబరు కూడా వేయొచ్చు: పదిహేను, పదహారు.