బండకేసి బాదొద్దు!

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ ఎక్కుతూ సైకిల్ మీద అంతదూరం వెళ్లేవారికి పెద్ద అండ... వేలు పోసి కొన్న షార్ట్స్‌లోని మెత్తటి ప్యాడ్. అది పాడైతే ఒళ్లు ఒరుసుకుపోవడమే కాదు, సెగగడ్డలూ రావచ్చు.

మరి దాన్ని కాపాడుకోవడం ఎలా? విడిచిన వెంటనే ఉతకాలి. చెమట నిలిచిన ప్యాడ్ సూక్ష్మక్రిములకు పండగే! షార్ట్స్‌ను తిరగేసి, చన్నీళ్లలో కొద్దిగా లిక్విడ్ సబ్బు వేసి చేత్తో నెమ్మదిగా ఉతికితే చాలు. బండకేసి బాదడం, బ్రష్షుతో రుద్దడం వద్దు. 1958లో డ్యూపాంట్ శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ రూపొందించిన లైక్రా ఈ దుస్తులకు ప్రాణం. వేడినీళ్లు, బ్లీచ్ తగిలితే దాని సాగే గుణం తగ్గిపోతుంది. మెత్తగా ఉంటాయని కొందరు కండిషనర్ కలుపుతారు. అది పోగులమీద పొరలా పేరుకుని, చెమటను పీల్చి బయటికి పంపే గుణాన్ని దెబ్బతీస్తుంది. ప్రేమతో చేసే చేటన్నమాట!

వానాకాలం అరకులో బట్టలు ఓ పట్టాన ఆరవు. అలాగని చలిమంట దగ్గర పెట్టకండి. మెలితిప్పి పిండకుండా, పొడి తువాలులో చుట్టి అదిమితే చాలా తడి పోతుంది. తర్వాత ప్యాడ్ పైకి ఉండేలా, గాలి తగిలేచోట నీడలో ఆరేయాలి. మర్నాటికీ ఆరలేదా? తడి ప్యాడ్‌తో ఘాట్ దిగేకన్నా రెండో జత వెంట ఉంచుకోవడమే మేలు.