మాదిగిండ్ల మాటలు – 14: అమ్మ డిశ్చార్జి కాగితం



పోయిన వారం స్కాలర్‌షిప్పుల గురించి రాసిన దానికి మీరు అడిగిన ప్రశ్నలకు ఈ వారం జవాబు రాస్తానని మాటిచ్చినా. ఆ మాట తప్పుతున్నా, తిట్టుకోవద్దు. మొన్న ఊరికి పోయినప్పుడు రేషన్ కార్డు కోసం ట్రంకు పెట్టె తెరిస్తే, అడుగున అమ్మ పెళ్ళి చీర మడతల్లో ఒక కాగితం దొరికింది. అప్పటి నుంచి వేరే ఏదీ రాయబుద్ధి కావడం లేదు.

మాది కలమల్ల, ఎర్రగుంట్ల మండలం. గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా ఊరు ఒక బిట్టు. తొలి తెలుగు శాసనం, క్రీ.శ. 575, ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు, రేనాటి చోళులు, చెన్నకేశవస్వామి గుడి. ఇంకో బిట్టు రాయలసీమ థర్మల్ కేంద్రం, 1994. నేను పుట్టింది ఆ ఏడాదే. నా వయసు ఎంతని ఎవరన్నా అడిగితే మా అమ్మ ఆ పొగ గొట్టం వైపు చెయ్యి చూపించి "దాని వయసే" అంటది. తన వయసు మాత్రం తనకు సరిగ్గా తెలియదు. ఆధార్ కార్డులో 1975 అని ఉంది. అదే నిజమనుకుందాం.

ఆ కాగితం 2009 నాటిది. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలిపోయిన ఏడాది అంటే మా వైపు ఎవరికైనా గుర్తుంటది. నేను తొమ్మిదో తరగతి అయిపోయి పదిలోకి వచ్చిన ఎండాకాలం. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అమ్మకు గర్భసంచి తీసేసినారు. దానికోసం పాలిచ్చే బర్రెను అమ్మినాం, ఇంకొంత వడ్డీకి తెచ్చినాం. ఇంతవరకు మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనిది ఆ కాగితంలో ఒక్క వరుసలో ఉంది. టీఏహెచ్ విత్ బీఎస్ఓ.

ఎమ్మే చదివినా నాకు అది అర్థం కాలేదు. మా వీధిలోనే నర్సింగ్ చదివే అమ్మాయికి చూపించినా. ఆ పాప రెండుసార్లు చదివి, "అన్నా, అత్తకు అప్పుడు ఎన్నేళ్ళు?" అనింది. ముప్పై నాలుగు అన్నా. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి తీసేయడం. బీఎస్ఓ అంటే రెండు పక్కలా ఉండే గొట్టాలు, రెండు అండాశయాలు కూడా తీసేయడం.

సంచి వేరు, అండాశయాలు వేరు. ఈ తేడా మన మొగపిల్లల్లో ఎంతమందికి తెలుసో చెయ్యెత్తమంటే నేను కూడా మొన్నటిదాకా ఎత్తగలిగేవాణ్ణి కాదు. సంచి ఒక్కటే తీస్తే ముట్లు ఆగిపోతాయి గానీ ఒంట్లో హార్మోన్లు ఊరడం వెంటనే ఆగదు. అండాశయాలు కూడా తీస్తే ఆ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. మన దేశంలో ఆడవాళ్ళకు మామూలుగా 46, 47 ఏళ్ళకు నెమ్మదిగా వచ్చే మార్పు, అమ్మకు ముప్పై నాలుగేళ్ళకు మంచం మీద ఉండగానే వచ్చేసింది. అట్లాంటి మనిషికి, వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోను మందులు ఇచ్చే పద్ధతి ఉంది. ఎముకలు కనిపెట్టుకుని ఉండాలి. అమ్మకు ఇచ్చింది పది రోజుల మాత్రలు, కుట్లు విప్పడానికి రమ్మని ఒక తేదీ. అంతే.

ఇప్పుడు మా ఇంటి గురించి చెప్తా. ఇది రాయడం నాకు కష్టం.

ఆపరేషన్ అయినాక నాలుగైదేళ్ళు మా అమ్మ వేరే మనిషి. సంక్రాంతి చలిలో అర్ధరాత్రి లేచి బయట బండ మీద కూర్చొని, తడి తువ్వాల మెడకు చుట్టుకునేది. "ఒళ్ళంతా సెగలు పోతాండాయి" అనేది. సంగటి కెలుకుతా కెలుకుతా ఊరికే ఏడ్చేది. ఊరుబిండిలో ఉప్పు మరిచిపోయిందని నాయన ఒక మాటంటే, రోలు ముందు నుంచి లేచి రుబ్బింది రుబ్బినట్టే వీధిలో పారేసింది. అంతకు ముందు నాయన కొట్టినా నోరెత్తని మనిషి. వీధంతా చూసింది. గాలి సోకిందన్నారు. నాయన తాయెత్తు కట్టించినాడు. పాస్టరు గారు వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. ఆయన మంచివాడు, ఆయన్ను ఏమీ అనను, ఆయనకు తెలిసింది ఆయన చేసినాడు. నేను? ఇంటర్‌లో హాస్టలు నుంచి సెలవులకు వచ్చి, రాత్రి లైటు వేస్తే చదువు చెడిపోతాందని, "నీకు పిచ్చి పట్టింది మా, నీవల్లే ఇంట్లో ఉండబుద్ధి కాదు" అన్నా. ఆమె లైటు ఆర్పి చీకట్లో కూర్చునింది.

2016లో అంబేడ్కర్ 125వ జయంతి సభలో మాట్లాడే అవకాశం నాకు వచ్చింది. మన సభల్లో యువకులు ఏం మాట్లాడతారో మీకు తెలుసు. నేనూ అదే మాట్లాడినా. మా అమ్మ నాపరాళ్ళు మోసిన చేతులతో నాకు పలక కొనిచ్చిందని, ఆమె చెమటే నా అక్షరమని. చప్పట్లు బాగా పడ్డాయి. అమ్మ కూడా ఆ సభకు వచ్చి వెనక ఆడవాళ్ళలో కూర్చోని వినింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో అనింది: "నన్ను బో పొగిడినావులే నాయనా. ఇంట్లో ఒక్క దినమన్నా, రాత్రి నిద్ర పట్టిందా మా అని అడిగినావా?"

అప్పుడు నవ్వేసినా. ఎనిమిదేళ్ళు పట్టింది ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి, అదీ ఒక నర్సింగ్ పాప చెప్తే.

మన ఉద్యమంలో అమ్మ మీద ఉన్నన్ని పాటలు, కవితలు, ఉపన్యాసాలు ఇంక దేని మీదా లేవేమో. అందులో అమ్మ ఎప్పుడూ మోస్తుంటది, కోస్తుంటది, పస్తులుంటది. ఆమెకు మోకాళ్ళ నొప్పి ఉండదు, ఆమెకు ముట్లు ఉండవు, ముట్లు ఆగిపోవడం అసలే ఉండదు. దళిత స్త్రీలు తామే కలం పట్టి రాసుకున్న చోట ఈ ఒళ్ళు కనిపిస్తుంది. మనం, కొడుకులం, రాసిన చోట కనిపించదు. మనకు ఆమె త్యాగం కావాలి. మే 27న రమాబాయి ఫోటోకు దండ వేస్తాం. 1935లో చనిపోయేనాటికి ఆమెకు నలభై కూడా రాలేదన్న సంగతి దండ వేసేటప్పుడు ఎవరం తలుచుకోం. అదే బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లుకు మద్దతుగా నిలబడి, కూలి చేసే ఆడమనిషి ఒంటికి విశ్రాంతి ఇవ్వడం సమాజం బాధ్యత అని వాదించినాడు. ఆడవాళ్ళ ఒంటి సంగతి ఆయనకు రాజకీయం. మనకు సిగ్గు.

"అన్నా, ఇది ఆడవాళ్ళ ఆరోగ్య సమస్య, కులం సమస్య ఎట్లయితది?" అని ఒక తమ్ముడు ఫోన్లో అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. గర్భసంచి ఆపరేషన్లు రెడ్డి ఇండ్లల్లో కూడా అవుతాయి, కాదనను. కానీ లెక్కలు చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. దేశంలో అందరికంటే ఎక్కువ మనమే, మన తర్వాత తెలంగాణ. అందులోనూ పట్నాల కంటే పల్లెల్లో, చదువుకున్నవాళ్ళ కంటే బడి ముఖం చూడనివాళ్ళలో ఎక్కువ. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. పల్లెలో ఉండి, చదువు లేక, కూలికి పోయే ఆడది ఎవరో నేను వేరే చెప్పాల్నా?

అయితే ఒకటి. డాక్టర్లు డబ్బు కోసం మోసం చేసినారు అని రాసేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. "ఇట్లే వదిలేస్తే క్యాన్సర్ అయితది" అని అమ్మను భయపెట్టిన మాట నిజం. కానీ అంతకు ముందే ఆమె మనసులో ఒక లెక్క ఉంది. అది ఆమె నోటితోనే వినండి.

"నాపరాళ్ళ గనిలో పనిరా. చుట్టూరా మొగోళ్ళు. చాటు లేదు, నీళ్ళు లేవు. నెలకు ఆరు దినాలు కుండ ఒలికినట్ల పోతాంటే బండ ఎట్ల ఎత్తేది? నాలుగు దినాలు రాకపోతే మేస్త్రీ జట్టులోంచి పీకేస్తాడు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయిపోయ. ఇంక ఆ సంచి ఏంటికి? పీకి పారేస్తే నెలంతా కూలి వచ్చాది అనుకుంటి."

చూసినారా? మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉంటది, అదీ ఎక్కువగా ఇరవై అయిదు దాటకముందే. ఇద్దరు పిల్లలు పుట్టగానే సర్కారు ఆమె కడుపుతో పని అయిపోయిందంటది. ఆ మాటే ఆమె కూడా నమ్ముతది. 2019లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరుకు కోసే ఆడవాళ్ళ సంగతి బయటపడినప్పుడు దేశమంతా ముక్కున వేలేసుకునింది. అక్కడా ఇదే లెక్క. పనికి రాని దినానికి ముఠాదారుడు జరిమానా వేస్తాడు, ముట్టు వస్తే పనికి అడ్డం, కాబట్టి సంచే అడ్డం. మనం బీడ్ గురించి పోస్టులు పెట్టినాం. నేనూ పెట్టినా. మా అమ్మ పొట్ట మీద కోత ఉన్న సంగతి ఆ దినం నాకు గుర్తుకు రాలేదు.

బ్రిటన్‌లో ఇప్పుడు ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళకు ముట్లాగే వయసులో సెలవు ఇవ్వాలా వద్దా అని పార్లమెంటు కమిటీ దాకా చర్చ పోయింది. చర్చ జరగనీ, మంచిదే. మన దగ్గర ఉపాధి హామీ పని చోట నీడ, తాగేనీళ్ళు ఉండాలని చట్టంలోనే రాసుంది. సెగలు పోయే ఒంటితో మే నెలలో మట్టి ఎత్తే ఆడమనిషికి ఆ పరదా నీడ ఎంత అవసరమో, అది లేదని మన సంఘాలు ఎన్ని అర్జీలు పెట్టినాయో మీరే చెప్పండి.

పని ఉంది. అనవసరంగా గర్భసంచులు తీస్తున్నారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలులోకి తేవాలనింది. దాని ప్రకారం జిల్లాల్లో కూడా పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఈ జిల్లాలో ఆ కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, ఎన్ని ఆపరేషన్ల లెక్క తీసినారు అని సమాచార హక్కు దరఖాస్తు నేను రాసి పెట్టినా. న్యాయశాస్త్రం చదివే చెల్లెళ్ళు ఒకసారి చూసి దిద్దితే పంపిస్తా. మిగిలినవాళ్ళు ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంటి ట్రంకు పెట్టె తెరవండి. కాగితం దొరికితే చదివించండి. కాకపోతే అమ్మను అడిగి, ఆమె సరేనంటేనే. నేను ఈ భాగం రాసేముందు అమ్మకు మొత్తం చదివి వినిపించినా. రోలు సంగతి తీసెయ్యమనింది. మళ్ళీ "ఉండనీలే, నిజమే కదా" అనింది.

నలభై అయిదు దాటినాక ఆ సెగలు తగ్గినాయి, అమ్మ మాత్రం పాత అమ్మగా తిరిగి రాలేదు. అందరికంటే ముందు తనే తింటది. ఉపాధి హామీ డబ్బులతో నవారు మంచం, ఒక టేబుల్ ఫ్యాను కొనుక్కునింది. ఆ ఫ్యాను ఇంకెవరి వైపూ తిరగదు. పెద్దిండ్లల్లో పెళ్ళిళ్ళకు గిన్నెలు తోమడానికి పిలిస్తే పోవడం మానేసింది. "ఒంట్లో బాగలేదు" అని సాకు చెప్పదు, "రాను" అంటది. పోయినేడు పక్కింటి కోడలికి, ముప్పై కూడా లేవు, సంచి తీయాలన్నారంట. అమ్మే దాన్ని వెంటబెట్టుకొని సర్కారు ఆసుపత్రికి పోయి ఇంకొకసారి చూపించింది. మాత్రలతో తగ్గింది. మా వీధిలో వాళ్ళు దీన్ని "వయసు మీద పడి నోరు లేచింది" అంటారు. అంటే అననీ.

అండాశయాల సంగతి నేనే చెప్పినా. పొయ్యి దగ్గర కూర్చోని వినింది. కాగితం చేతిలోకి తీసుకొని, తనకు రాని ఆ అక్షరాలను చాలాసేపు చూసింది.

"అంటే అబ్బుడు నాకు పిచ్చి కాదా?"

కాదు మా అన్నా.

"ఆ మాట మీ నాయనకు చెప్పు పో."

నాయన అరుగు మీద ఉన్నాడు. చెప్పినా. బీడీ ఆర్పి కాగితం అడిగినాడు. ఆయనకూ చదువు రాదు. వేలితో కింది దాకా వెతికి, ఒక మూల ఆగినాడు. అక్కడ నీలం సిరాతో వేలిముద్ర ఉంది. "ఇది నాదే" అన్నాడు. "యాడ పెట్టమంటే ఆడ పెట్టినా. దాన్ని ఎవరూ అడగల్యా. నేనూ అడగల్యా."

ఆ రాత్రి ఆయన లోపలికి వచ్చి అన్నం తినలేదు. అమ్మ మాత్రం తినేసి, ఫ్యాను వేసుకొని పడుకునింది. వచ్చే సోమవారం ఆమెను ఎముకల పరీక్షకు తీసుకుపోతాండా. స్కాలర్‌షిప్పుల జవాబులు దాని తర్వాత రాస్తా.

జైభీమ్.