దానమా, స్థానమా? – సీ క్లౌడు ఓడ చరిత్ర నేర్పు పాఠము

ధనవంతుల మేడలను గూర్చియు, వాహనములను గూర్చియు చదువుటకు మనవారికి ఉబలాటము మెండు. అట్టి వర్ణనలు చదివి కొందరు నోరు తెరచి మెచ్చుకొందురు. కొందరు పెదవి విరిచి దూషింతురు. ఈ రెండును సులభమైన పనులే. ధనవంతుని సొత్తును చూచినపుడు మనము అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదని మా అభిప్రాయము. ఆ ప్రశ్న యేదో ఒక ఓడ చరిత్రను చెప్పి, దానినుండియే తేల్చుటకు పూనుకొనుచున్నాము. ఆ ఓడ నేటికిని సముద్రముపై తిరుగుచున్నది. దాని పేరు సీ క్లౌడు; అనగా సముద్ర మేఘము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మిషిగన్ రాష్ట్రమున బాటిల్ క్రీకు అను పట్టణము కలదు. అచ్చట సి. డబ్ల్యు. పోస్టు అను నతడు 1895వ సంవత్సరమున కాఫీకి మారుగా త్రాగదగిన ధాన్యపు పానీయమును, మరి రెండేండ్లకు ఉదయపు భోజనమునకు పనికివచ్చు ధాన్యాహారమును అమ్మజొచ్చి గొప్ప ధనవంతుడయ్యెను. 1914లో అతడు మరణింపగా ఆ కంపెనీ 27 ఏండ్ల వయస్సుగల కుమార్తె మార్జరీ మెరివెదర్ పోస్టునకు సంక్రమించెను. ఆమె 1920లో ఇ. ఎఫ్. హట్టన్ అను షేర్ల వర్తకుని వివాహమాడెను. 1929 నాటికి వారి కంపెనీ మరికొన్ని కంపెనీలను కలుపుకొని జనరల్ ఫుడ్స్ అను పేరుతో దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. గింజలు వేయించి అట్టపెట్టెలలో నింపి అమ్మిన సొమ్ముతో ఈ దంపతులు ఓడను కట్టించిరి.

జర్మనీ దేశమున కీల్ నగరమునందలి క్రుప్ వారి నౌకానిర్మాణ శాలలో ఈ ఓడ తయారై 1931లో నీటిలోనికి దిగెను. మొదటి పేరు హుస్సార్. పొడవు సుమారు 360 అడుగులు, స్తంభములు నాలుగు, తెరచాపలు ముప్పది వరకు. ఆ చాపలన్నియు విప్పి పరచినయెడల 30,000 చదరపు అడుగులకు మించిన నేలను కప్పును. గాలి లేనప్పుడు నడుచుటకు యంత్రములును కలవు. ఆనాటి సొంత విలాసనౌకలలో మిక్కిలి పెద్దవానిలో నిది యొకటి. లోపలి గదుల యలంకారమును మార్జరీ పోస్టు తానే నిర్ణయించెను. న్యూయార్కు నగరమునందలి బ్రూక్లినులో ఒక గిడ్డంగిని బాడుగకు తీసికొని, ఓడగదుల కొలతలు నేలపై గీయించి, ఏ కుర్చీ యెచ్చట నుండవలెనో, ఏ పటమే గోడకు వ్రేలాడవలెనో ముందుగానే అమర్చి చూచుకొనెను. ఆమె గదిలో చలువరాతి పొయ్యియు, స్నానపు గదిలో హంసల రూపముగల బంగారు పూత కుళాయిలును ఉండెను.

1931వ సంవత్సరమెట్టిదో చరిత్ర చదివిన విద్యార్థులకు జ్ఞాపకముండును. న్యూయార్కు షేర్ల బజారు 1929లో కుప్పకూలిన తరువాత లోకమంతట వ్యాపారములు స్తంభించెను. ఆ ఓడ పుట్టిన జర్మనీలోనే 1932 ఆరంభమున పనిలేనివారు 60 లక్షలు దాటిరి. అట్టి కాలమున బంగారు కుళాయిలా యని యొకరు అడుగుదురు. ఆ ఓడ కట్టుటచేతనే గదా కీల్ నగరపు కమ్మరులకును, వడ్రంగులకును కూలి దొరకినదని మరియొకరు సమాధానము చెప్పుదురు. రెండు మాటలలోను నిజము కలదు. అయినను కూలి దొరకుటకు ఓడయే కావలెనా? అదే సొమ్ముతో ఇండ్లు కట్టించినను వడ్రంగికి కూలి దొరకియే యుండును గదా. కాబట్టి రెండవ మాట విలాసమునకు సంపూర్ణమైన సమర్థనము కానేరదు.

ఇక ఆమె కఠినహృదయ యని తలంచుటయు అన్యాయమే. ఆ కరువు దినములలో ఆమె న్యూయార్కు నగరమున రక్షణ సైన్యమువారి చేతిమీదుగా పేదలకు భోజనము పెట్టు సత్రమును తన ఖర్చుతో నడిపించెను. తన నగలను బ్యాంకులో దాచి, వాని భీమాకు చెల్లింపవలసిన సొమ్మును ఈ పనికి మరలించెనని ఆమె చరిత్రకారులు వ్రాసియున్నారు. బాపట్ల, నిడుబ్రోలు ప్రాంతములవారికి రక్షణ సైన్యము ఆసుపత్రుల మూలమునను, బడుల మూలమునను చిరపరిచితమే. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టిన చేతిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. దానము దానమే, అది పుణ్యకార్యమే.

అయినను ఒక సంగతి గమనింపవలెను. సత్రములో గిన్నె పట్టుకొని నిలుచున్నవారు భోజనమైన తరువాత మరల గిన్నె పట్టుకొని నిలువవలసినవారే. ఓడలో భోజనము చేయువారు ఓడలోనే యుండిరి. దానమువలన అన్నము చేతులు మారినది గాని మనుష్యుల స్థానములు మారలేదు.

స్థానములు మారిన కథ తరువాత జరిగినది. 1935లో హట్టన్ దంపతులు విడిపోగా ఓడ ఆమె పాలికి వచ్చెను. ఆమె జోసెఫ్ డేవిస్ అను న్యాయవాదిని పెండ్లాడి ఓడకు సీ క్లౌడు అని పేరు మార్చెను. ఆయన సోవియట్ రష్యాకు అమెరికా రాయబారిగా నున్న దినములలో ఈ ఓడ లెనిన్‌గ్రాడు రేవున లంగరు వేసి విందులకు నిలయమయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా ప్రవేశించినంతనే, 1942 జనవరిలో, ఏడాదికి ఒక్క డాలరు బాడుగపై ఆ దంపతులు ఓడను తమ దేశపు తీరరక్షక దళమున కిచ్చివేసిరి. స్తంభములు ఊడదీసిరి, యుద్ధనౌకల రంగు పూసిరి, ఫిరంగులు బిగించిరి. ఉత్తర అట్లాంటికులో సంచరించుచు గాలియొక్క వేగమును, ఒత్తిడిని, ఉష్ణమును కొలిచి ఎప్పటికప్పుడు తీరమునకు తెలియజేయుట దానికి పనియయ్యెను. యుద్ధకాలమున ఓడలకును, విమానములకును ఇట్టి సమాచారము ప్రాణాధారము.

ఆ కాలమున అమెరికా సైన్యములలో నల్లజాతివారిని వేరుగా నుంచెడి ఆచారముండెను. యుద్ధారంభమున నౌకాదళములో వారికి దొరకెడి పని యించుమించుగా అధికారుల భోజనశాలలో వడ్డన చేయుటయే. 1942లో ఇతర పనులలోనికి చేర్చుకొనుట మొదలైనను, వారిలో పెక్కురు తీరముననో, రేవులోని చిన్న పడవలలోనో నిలిచిపోవుచుండిరి. కార్ల్టన్ స్కిన్నర్ అను యువ అధికారి గ్రీన్‌లాండు ప్రాంతమున మరియొక ఓడలో నున్నపుడు, యంత్రముల పనిలో మంచి నేర్పరియైన నల్లజాతివాని నొకనిని వడ్డనశాఖవాడన్న కారణముచేతనే పై పదవికి నిరాకరించుట చూచెను. నేర్పు వృథాయగుచున్నదని ఆయన మనస్సునకు తోచెను. తెల్లవారును నల్లవారును ఒకే ఓడలో, ఒకే రీతిగా, తమతమ నేర్పునుబట్టి పనిచేయుటకు అవకాశము కల్పింపవలెనని 1943లో ఆయన పై అధికారులకు సూచించెను. వారందుకు సమ్మతించి, సీ క్లౌడునే ఆయన కప్పగించిరి.

తరువాత జరిగినది ఆడంబరము లేని కార్యము. ఓడలో సుమారు 50 మంది నల్లజాతి నావికులు చేరిరి. వారిలో కొందరు అధికారులుగా నుండిరి. ఒకే గదులలో నిద్ర, ఒకే బల్లవద్ద భోజనము, ఒకే క్రమశిక్షణ. ప్రత్యేకమైన దయయు లేదు, ప్రత్యేకమైన కాఠిన్యమును లేదు. పత్రికలలో చాటింపును లేదు. అట్లాంటికు నౌకాదళమువారు రెండు పర్యాయములు వచ్చి పరీక్షింపగా ఓడలో లోపమేదియు కానరాలేదు. తరువాతి కాలమున అమెరికాలో పేరుమోసిన చిత్రకారుడు జేకబ్ లారెన్స్ ఈ ఓడలో నావికుడుగా నుండి తోటివారి జీవితమును చిత్రించెను. 1944లో న్యూయార్కునందలి ఆధునిక కళా ప్రదర్శనశాలయందు ఆయన చిత్రములు ప్రదర్శితమయ్యెను. 1944 నవంబరులో సీ క్లౌడు యుద్ధసేవనుండి విరమించెను. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ సైన్యములన్నిటిలోను సమాన అవకాశములు కల్పింపవలెనని ఉత్తరువు చేసెను. ఆ ఉత్తరువు పుట్టుటకు కారణములు అనేకములు. అయినను అది సాధ్యమని అంతకుముందే నీటిమీద చూపిన ఓడలలో ఇది ముందు నిలుచును.

పాఠకులారా, ఇప్పుడు పోల్చి చూడుడు. మార్జరీ పోస్టు తన ధనములోనుండి ఇచ్చెను. స్కిన్నర్ తన జేబునుండి దమ్మిడీయైన నీయలేదు. ఆయన చేసినదెల్ల ఎవరెచ్చట నిలువవలెనో, ఎవరెచ్చట కూర్చుండవలెనో దానిని మార్చుటయే. బీదవానికి అన్నము పెట్టుట దానము. వాని నేర్పునకు తగిన చోటు చూపుట న్యాయము. దానము పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడై తల వంచును. న్యాయముగా స్థానము పొందినవాడు తల యెత్తి పని చేయును. ఈ భేదము చిన్నది కాదు.

ఓడ నిచ్చినది ఆ ధనవంతురాలే గదా, ఆమె లేనిచో స్కిన్నర్ ఏమి చేయగలిగియుండునని కొందరు ఆక్షేపింపవచ్చును. ఓడ నిచ్చినందుకు ఆమెకు రావలసిన కీర్తి రావలసినదే. కాని ఓడ దానంతట అదియే సత్కార్యము చేయునా? దీనికి సమాధానము ఓడ తరువాతి చరిత్రలోనే కలదు. 1955లో ఆమె దీనిని డొమినికన్ రిపబ్లిక్ దేశమును 1930 మొదలు ఏలుచున్న రఫాయెల్ ట్రుహీయోకు ఇచ్చి మారుగా ఒక విమానమును పుచ్చుకొనెను. 1937లో తన దేశపు సరిహద్దున వేలకొలది హయితీ ప్రజలను చంపించిన నియంత ఇతడే. ఓడ అతని కుమార్తె పేరున ఆంజెలితా అయ్యెను. అతని కుమారుడు అమెరికాలో చదువుకొను రోజులలో విలాసగృహముగా నుపయోగపడెను. నల్లవారును తెల్లవారును కలిసి పనిచేసిన ఆ ఓడయే, నల్లవారిని ఊచకోత కోయించిన వాని యింటి యలంకారమయ్యెను. 1961లో ట్రుహీయో హతుడయ్యెను. అటుపిమ్మట ఓడకు పాట్రియా యనియు, అంటార్నా యనియు పేర్లు మారెను. పెక్కేండ్లు పనామాలోని కొలోన్ రేవున ఎండకు వానకు శిథిలమగుచు పడియుండెను. 1978లో హార్ట్‌మూట్ పాష్‌బుర్గ్ అను జర్మను కప్తానుడు హాంబుర్గు వర్తకులతో కలిసి దానిని కొని, పుట్టిన కీల్ నగరమునకే చేర్చి బాగుచేయించెను. 1979నుండి మరల సీ క్లౌడు అను పేరుతో యాత్రికులను త్రిప్పుచున్నది.

ఆ ఉక్కు మారలేదు. రాయబారి విందులకును, నావికుల సమభోజనమునకును, నియంత విలాసమునకును అదే ఓడ తలయొగ్గినది. కాబట్టి సొత్తును మెచ్చుకొనుటయు, దూషించుటయు నిష్ప్రయోజనము. ఈ ఓడలో ఎవరికేచోటు దొరకినదని ప్రశ్నింపవలెను. ధనవంతుని గుమ్మమువద్ద పడియున్న లాజరు కథను మన పిల్లలందరు ఎరుగుదురు. ఆ గుమ్మమునుండి రొట్టెముక్కలు రాలుచునే యుండియుండవచ్చును. లేనిది బల్లవద్ద చోటు.

ఈ ప్రశ్నను అమెరికా ఓడకు వేసి ఊరకుండుట తగదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. అయినను టీ దుకాణమున రెండు రకముల గ్లాసులుంచిన పల్లెలను గూర్చి మనము వినియున్నాము. పనిమనిషి పిల్లకు ఫీజు కట్టి, ఆ పిల్లకే వేరు గ్లాసులో నీరిచ్చు గృహములు కలవు. అట్టి యింటివారు దానశీలురే. కాని ఆ పిల్ల ఫీజు రసీదును మరచినను గ్లాసును మరువదు.

బడులును ఈ ప్రశ్నకు అతీతములు కావు. ఉచితముగా పుస్తకములు పంచునాడు బీద విద్యార్థులను పేరుపేరున పిలిచి, ప్రార్థనసభలో వరుసగా నిలిపి, దాతల సమక్షమున చప్పట్లు కొట్టించు పద్ధతి కొన్ని పాఠశాలలలో కలదు. దాత సంతోషించును, నిలుచున్న బాలుడు నేల చూచును. ఆ పుస్తకములను చడిచప్పుడు లేక తరగతిలో అందరి పుస్తకములతో పాటుగనే బల్లపై పెట్టవచ్చును గదా! ఉపకారవేతనముతో చదువు విద్యార్థి తరగతి నాయకుడుగాను, ఆటల జట్టుకు కప్తానుగాను, ప్రార్థనసభలో వాక్యము చదువువాడుగాను వంతుప్రకారము నిలువవచ్చును గదా! వసతిగృహపు భోజనశాలలో ఎవరెచ్చట కూర్చుండవలెనో చీట్లు వేసి వారము వారము మార్చవచ్చును గదా! ఇందులకు చందాలు పోగుచేయ నక్కరలేదు. శిలాఫలకమును చెక్కింప నక్కరలేదు. స్కిన్నర్ వలె ఉన్న బల్లలను సరిగా వాడుకొన్న చాలును.

తలిదండ్రులకు మా మనవి యిది: మీ పిల్లడు ఎవనికి చందా వేసెనని మాత్రమే గాక, మధ్యాహ్నము ఎవని ప్రక్కన కూర్చుండి అన్నము తినెనని కూడ అడుగుడు. విద్యార్థులారా, మీలో కొందరు ముందుముందు ధనవంతులు కాగలరు. మేడలు కట్టుదురు, కంపెనీలు పెట్టుదురు, ఎవరికి తెలియును, ఓడలును కొనవచ్చును. అప్పుడు ధారాళముగా దానము చేయుడు. కాని దానము చేసినంతనే లెక్క ముగిసినదని యెంచకుడు. మీ బల్ల చుట్టును ఎవరు కూర్చున్నారో, గుమ్మమువద్ద ఎవరు నిలిచియున్నారో చూచుకొనుడు.