తోడు నిలిచే విద్యార్థికి తోడెవరు?

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన పదిహేడేళ్ల విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పునిస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ పదిహేను మార్గదర్శకాలు జారీచేసింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో నియమించాలన్నది వాటిలో ముఖ్యమైంది. అంతకు నాలుగు నెలల ముందే ఉన్నత విద్యాసంస్థల్లో ఆత్మహత్యల నివారణ కోసం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్.రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను కూడా ఇదే న్యాయస్థానం ఏర్పాటు చేసింది. అత్యున్నత న్యాయస్థానం ఇంతగా కలగజేసుకోవడానికి కారణం జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లోనే కనిపిస్తుంది. 2013లో దేశంలో 8,423 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2023కి ఆ సంఖ్య 13,892కు చేరింది. వీరిలో బడిపిల్లలూ, ఇంటర్ విద్యార్థులూ ఉన్నారు. అయినా ఈ పెరుగుదలతో తమకు సంబంధం లేదని ఏ విశ్వవిద్యాలయమూ అనజాలదు.

కౌన్సెలర్ నియామకం తప్పనిసరి. అయితే అది ఒక్కటే సరిపోదు. వేలమంది చదివే క్యాంపస్‌లో కౌన్సెలర్ గది సాధారణంగా పరిపాలనా భవనంలో ఉంటుంది, ఆఫీసు వేళల్లోనే తెరిచి ఉంటుంది. కష్టంలో ఉన్న విద్యార్థి తనంతట తాను ఆ తలుపు తట్టాలి. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న జంకు అతణ్ని అక్కడిదాకా రానివ్వదు. పక్క మంచంమీది కుర్రాడికి మాత్రం సంగతి ముందే తెలుస్తుంది. రూమ్మేట్ మూడురోజులుగా మెస్‌కు రావడం లేదు. ల్యాబ్ రికార్డు రాయడం మానేశాడు. పగలు ముసుగుతన్ని పడుకుంటున్నాడు, రాత్రంతా ఫోను పట్టుకుని మేలుకుంటున్నాడు. ఇంటినుంచి కాల్ వస్తే ‘బాగానే ఉన్నానమ్మా’ అని పెట్టేస్తున్నాడు. హాజరు తగ్గిన విషయం విభాగాధిపతి దృష్టికి వచ్చేసరికి నెల గడుస్తుంది, బ్యాక్‌లాగ్ సంగతి తేలేసరికి సెమిస్టరే అయిపోతుంది. అన్నీ ముందే చూసిన స్నేహితుడు మాత్రం ఏం చేయాలో తెలియక ‘లైట్ తీసుకో మామా’ అని ఊరుకుంటాడు. తోటి విద్యార్థుల తోడ్పాటు పూడ్చవలసింది సరిగ్గా ఈ ఖాళీనే. చికిత్స వాళ్ల పని కాదు. కష్టానికీ సాయానికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం వాళ్ల పని. ఆ పనికి తర్ఫీదునిచ్చి, వెనక నిలిచే బాధ్యతను సంస్థ తీసుకుంటేనే ఈ ఏర్పాటు ఫలిస్తుంది. లేకపోతే మరో కమిటీగా మిగిలిపోతుంది.

ఇది కొత్త ఆలోచన కాదు. బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1970లో విద్యార్థులే రాత్రిపూట ఫోను దగ్గర కూర్చుని తోటివారి గోడు వినే ‘నైట్‌లైన్’ మొదలై, తర్వాత అనేక విశ్వవిద్యాలయాలకు విస్తరించింది. అమెరికాలో ‘యాక్టివ్ మైండ్స్’ అనే విద్యార్థి సంస్థ పనితీరుపై కాలిఫోర్నియాలోని 12 కళాశాలల్లో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఆ సంస్థతో పరిచయం పెరిగిన విద్యార్థుల్లో మానసిక సమస్యలపై చులకన భావం తగ్గిందనీ, చురుగ్గా పాల్గొన్నవారు కష్టంలో ఉన్న తోటివారికి చేయందించడం పెరిగిందనీ అది తేల్చింది. దీనికి ఎదురు నిలిచే ఫలితమూ ఉంది. అమెరికాలోనే 32 కళాశాలల హాస్టళ్లలో విద్యార్థి పర్యవేక్షకులకు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. శిక్షణ పొందినవారికి తెలివిడి, ధైర్యం పెరిగాయి. వారి చుట్టూ ఉన్న విద్యార్థులు వైద్యసాయం పొందడంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే ఒక వర్క్‌షాప్ పెట్టి, సర్టిఫికెట్లు పంచి, ఫొటో దిగితే క్యాంపస్ మారదు.

మార్పు ఎప్పుడు వస్తుందో మన దేశంలోనే జరిగిన ప్రయోగం సూచిస్తోంది. గోవాలో మానసిక వైద్య నిపుణుడు విక్రమ్ పటేల్ బృందం వైద్య డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవారికి సాయం చేయించింది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రోగులు కోలుకోవడం మెరుగుపడిందని 2010లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాలు చూపాయి. అక్కడ ఆ కౌన్సెలర్లు ఒంటరిగా పనిచేయలేదు. పక్కన ప్రాథమిక వైద్యుడు ఉన్నాడు, అవసరమైతే చూడటానికి మానసిక వైద్య నిపుణుడు వచ్చేవాడు. ఏ కేసు తమ స్థాయి దాటిందో, దాన్ని ఎవరికి అప్పగించాలో వారికి ముందే తెలుసు. క్యాంపస్‌కు తెచ్చుకోవలసింది ఈ అమరికనే. తోటి విద్యార్థి వింటాడు, ప్రమాద సూచనలు గుర్తిస్తాడు, కౌన్సెలర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్తాడు. కౌన్సెలర్ వారం వారం అతనితో కూర్చుని విన్నవాటిని సమీక్షిస్తారు. కౌన్సెలర్ వెనక ఒప్పందం ఉన్న ఆసుపత్రి ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్‌లో ‘సన్‌షైన్’ విభాగం కౌన్సెలర్లతోపాటు విద్యార్థి మెంటార్లతోనూ పనిచేస్తోంది. ఐఐటీలకు వీలైనది రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అందరానిదేమీ కాదు.

విద్యార్థులు నిపుణులు కారు, తెలిసీ తెలియక చేసే సాయం హాని చేస్తుందన్నది మొదటి అభ్యంతరం. శిక్షణ లేకపోతే ఈ భయం నిజమే అవుతుంది. కానీ శిక్షణ ఉన్నా లేకున్నా విద్యార్థులు తమ గోడు చెప్పుకునేది ముందు స్నేహితులకే. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. వినేవాడు సిద్ధపడి ఉన్నాడా లేదా అన్నదే ఇక్కడ తేడా. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది వెనకాడతారు. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు విద్యార్థులపై చేసి 2005లో ప్రచురించిన పరిశోధనలో అలా అడగడంవల్ల కలత గానీ, ఆ తలపు గానీ పెరగలేదు. అడగడం, తీర్పు చెప్పకుండా వినడం, ఒంటరిగా వదలకపోవడం నేర్పితే వచ్చే విద్యలు. ఇక వినేవాడి మీద పడే బరువు మాట. అది చిన్నదేమీ కాదు. అందుకే ఒకరికి ఇన్ని గంటలనే పరిమితి, పరీక్షల సమయంలో విరామం, ఎప్పుడైనా తప్పుకునే స్వేచ్ఛ, చేసిన పనికి క్రెడిట్లో, గౌరవ వేతనమో ఉండాలి. సేవాభావం పేరుతో ఇరవై ఏళ్ల పిల్లల మీద ఈ బరువు ఊరికే మోపడం అన్యాయం.

హాస్టల్లో మాట దాగదన్నది రెండో అభ్యంతరం. రాత్రి చెప్పుకున్నది తెల్లారేసరికి అంతస్తంతా తెలిస్తే ఇంకెవరూ నోరు విప్పరు. గోప్యత హామీని రాతపూర్వకంగా ఇవ్వాలి, దాన్ని ఉల్లంఘిస్తే ఏం జరుగుతుందో అందరికీ తెలియాలి. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం కౌన్సెలర్‌కు చెప్పక తప్పదన్న ఒక్క మినహాయింపునూ మొదటి మాటలోనే చెప్పేయాలి. విన్న సంగతులు క్రమశిక్షణ సంఘానికి గానీ, విద్యార్థి అనుమతి లేకుండా తల్లిదండ్రులకు గానీ చేరకూడదు. ఎవరిని ఎంచుకుంటున్నారన్నదీ నమ్మకానికి కీలకమే. ట్రిపుల్ ఐటీలుగా పేరుపడిన బాసర, నూజివీడు వంటి క్యాంపస్‌లకు పల్లెటూళ్లనుంచి పదో తరగతి ముగియగానే పిల్లలు వస్తారు. ఇంగ్లిషులో పాఠం అర్థంకాక, ఆ మాట పైకి చెప్పలేక నలిగే మొదటి ఏడాది విద్యార్థికి ఆ దారిలోనే నడిచొచ్చిన సీనియర్ తోడు కావాలి. మార్కులు, మాటకారితనం చూసి ఎంపిక చేస్తే ఆ సీనియర్ ఎన్నటికీ జాబితాలోకి రాడు. అమ్మాయిలు, దళిత, ఆదివాసీ విద్యార్థులు, తెలుగు మీడియంలో చదివొచ్చినవారు అందులో తగినంతమంది ఉండాలి.

అన్నింటికన్నా బలమైనది మూడో అభ్యంతరం. పిల్లల్ని పిల్లలకు అప్పగించి యాజమాన్యాలు చేతులు దులుపుకుంటాయన్న అనుమానం నిరాధారం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో సర్టిఫికెట్లు చేతికి రాని విద్యార్థి బాధను ఏ స్నేహితుడి ఓదార్పూ తీర్చదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016లో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం కుల వివక్షపై లేవనెత్తిన ప్రశ్నలకు కౌన్సెలింగ్ గది జవాబు కాజాలదు. అన్యాయం వల్ల కలిగిన వేదనను వ్యక్తి బలహీనతగా చూపడం మరో అన్యాయం. అందుకే ఈ తోడ్పాటు వ్యవస్థ విన్నదాన్ని విని వదిలేయకూడదు. ఏ విద్యార్థి పేరూ బయటపడకుండా, ఏ విభాగంలో వేధింపుల ఫిర్యాదులు పెరుగుతున్నాయి, ఏ హాస్టల్లో తిండి సమస్య ఉంది, ఫీజుల కోసం ఎంతమంది సతమతమవుతున్నారు అన్నది సెమిస్టర్‌కోసారి పాలకమండలి ముందుకు రావాలి, ఏం చర్య తీసుకున్నారో విద్యార్థులకు చెప్పాలి. అప్పుడు తోటి విద్యార్థుల వ్యవస్థ యాజమాన్యాన్ని బాధ్యత నుంచి తప్పించదు, నిలదీస్తుంది.

ఉభయ తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు వచ్చే విద్యా సంవత్సరానికే చేయగల పనులివి. ప్రతి విశ్వవిద్యాలయంలో ముందు కౌన్సెలర్ పోస్టులు నింపాలి, ఆ తర్వాతే విద్యార్థి బృందాలను ఎంపిక చేయాలి. ఈ వరుస తారుమారైతే ప్రమాదం. శిక్షణ, వారపు సమీక్ష, ఆసుపత్రి ఒప్పందాలకు బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత సహాయ నంబరు 14416 ప్రతి హాస్టల్ గదిలో, ప్రతి గుర్తింపు కార్డు వెనక ఉండాలి. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. రెండేళ్ల తర్వాత ఎంతమంది సాయం పొందారు, ఎంత త్వరగా పొందారు అన్నది స్వతంత్రంగా లెక్కగట్టి ప్రకటించాలి. స్నేహితుడి చెవి మన క్యాంపస్‌లలో ఎప్పుడూ ఉంది. ఆ చెవిన పడిన కష్టం నిపుణుడి దాకా చేరే దారి వేయడమే విశ్వవిద్యాలయాలు ఇన్నాళ్లూ చేయని పని. దానికి ఇక కోర్టు ఆదేశం కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ ఆదేశం ఇప్పటికే వచ్చేసింది.