జీవో ఆగింది సరే, రేపటి ప్లాన్ ఎవరు రాస్తరు?



2025 మే నెలాఖరున వచ్చిన జీవో 49 అందరికీ యాదికుంది. కవ్వాల్‌కూ మహారాష్ట్రలోని తాడోబాకూ నడుమ పులులు తిరిగే మన ఆసిఫాబాద్ అడవిని, దాదాపు 1,490 చదరపు కిలోమీటర్లు, కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించిన్రు. దానికి కుమ్రం భీం పేరు పెట్టిన్రు. జల్, జంగల్, జమీన్ అన్న మనిషి పేరు పెట్టి, ఆ మనిషి ఊళ్లను అడగకపోవుడేంది అన్నదే మన కోపం. ఆందోళనలు, బంద్ అయినంక జులైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. గెలిచినం అని మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నం.

కానీ నిలుపుదల అంటే రద్దు కాదు. పులులు ఆ దారిన వస్తూనే ఉంటయి. కాబట్టి ప్లాన్ కూడా ఏదో ఒక రూపంలో మళ్లీ వస్తది. అప్పుడు మనం ఏం చేస్తం? మనలో కొందరు "ఏ మీటింగుకూ పోవద్దు, సంతకం పెట్టించుకుని మోసం చేస్తరు" అంటున్నరు. ఆ భయం ఉత్తగ వచ్చింది కాదు. హాజరు పట్టీ మీద పెట్టిన సంతకాన్నే ఒప్పుకోలుగా చూపిస్తరేమో అని మన పెద్దలకూ అనుమానమే. అయినా పోకుండ ఉండుడు తప్పని నా అభిప్రాయం. మన కుర్చీ ఖాళీగ ఉంటే ప్లాన్ ఆగదు, మనం లేకుండ రాసుకుంటరు.

చట్టంలో మనకు కుర్చీ ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 36ఏ ప్రకారం స్థానిక ప్రజలతో సంప్రదించినంకనే ఇలాంటి రిజర్వ్ ప్రకటించాలి. 36బీ ప్రకారం నిర్వహణ కమిటీలో ఆ పరిధిలోని ప్రతి పంచాయతీ నుంచి ఒక ప్రతినిధి ఉండాలి. ఆ కమిటీది సలహా అధికారమే, అది నిజం. కానీ 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 అడవినీ వన్యప్రాణులనూ కాపాడే అధికారం నేరుగా గ్రామసభకే ఇచ్చింది. అంటే పులిని కాపాడుడు కూడా మన పనే.

పులి మనకు పగ కాదు. అట్లని 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి చేనులో పులి దాడికి చనిపోయిన ఆడబిడ్డను మరిచిపోలేం. పశువు పోతే పరిహారం ఎన్ని రోజుల్లో వస్తది, చేనుకు పోయే దారిల పులి ఉందని ఎవరు చెప్తరు, ఇప్పపువ్వు ఏరే కాలంలో ఎటు పోవచ్చు అన్నవి పదేండ్ల ప్లాన్‌లో ముందే రాయించాలి. ఇవి ఆఫీసులో కూర్చున్న సారుకు తెల్వయి, మన అవ్వలకు తెలుసు.

అందుకే మనం అడగాల్సినవి ఇవి: ముసాయిదా తెలుగులో రావాలి, ఊళ్లె గోండిలో, కొలామీలో చదివి వినిపించాలి. పత్తి ఏరే రోజుల్లో, దండారి పండుగ నాడు మీటింగ్ పెట్టొద్దు. ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబు ఇయ్యాలి.

మనం చేయాల్సిందీ ఉంది. చదువుకున్నోళ్లం ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పటేల్‌ను, దేవారిని, అవ్వలను కూర్చోబెట్టి మన చేన్లు, దేవుడి జాగలు, వాగులు, పశువులు మేసే జాగలు గీసుకుందాం. గ్రామసభ తీర్మానం చేయించి ఒక కాపీ ఊళ్లనే పెట్టుకుందాం. సారు మ్యాప్ పట్టుకుని వచ్చిన నాడు మన చేతిలోనూ ఒక మ్యాప్ ఉండాలె.

జై ఆదివాసీ!