రోకలిబండలనూ లెక్కలోకి తీసుకుందాం

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల రైతులకు, పంచాయతీ సభ్యులకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు విజ్ఞప్తి

తొలకరి పడగానే రోకలిబండలు బయటికొస్తాయి. పెదవేగి పామాయిల్ తోటల్లో, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కొబ్బరి నీడన పెరిగే కోకో చెట్ల కింద, కొల్లేటి లంకల్లో పాకల చూరు కింద వాటిని చూడనివారుండరు. చూస్తాం, చీపురుతో ఊడ్చేస్తాం. అవి ఎన్ని రకాలో, శాస్త్రానికి ఇంతవరకూ తెలియని రకం ఏదైనా వాటిలో ఉందేమో మాత్రం అడగం. ఈ వానాకాలంలోనే ప్రతి ఊరూ ఆ ప్రశ్న వేసుకోవాలని, దొరికిన జవాబు రాసిపెట్టుకోవాలని కోరుతున్నాం.

ఒక్కసారి దగ్గరగా చూడండి

తడిసి కుళ్లిన తాటాకు ఎత్తితే నల్లగా నిగనిగలాడే ఒళ్లు, వీపు పొడవునా ఎర్రటి చార ఉన్న రోకలిబండ కనిపించవచ్చు. ఒళ్లంతా కణుపులు. దాదాపు ప్రతి కణుపుకూ రెండు జతల కాళ్లు. జెర్రికి కణుపుకు ఒక్క జతే. కరిచేది జెర్రి, రోకలిబండ కరవదు. ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని ఘాటు వాసనున్న ద్రవం వదులుతుంది. వేలికి గోధుమరంగు మరక అంటుతుంది. ఆ చెయ్యి కంట్లో పెట్టుకోకుండా కడుక్కుంటే సరిపోతుంది. దక్షిణాదిన ఆకుల కప్పుల్లో చేరే ఈ ఎర్రచార రకానికి డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ 1775లోనే పేరు పెట్టాడు. ప్రపంచం మొత్తం మీద పేరున్న రకాలు ఇప్పటికి సుమారు 12,000. పేరు లేనివి అంతకు ఎన్నో రెట్లు ఉంటాయని నిపుణుల అంచనా.

కనిపెట్టేది మామూలు మనుషులే

2007లో థాయ్‌లాండ్‌లో ఒక సున్నపురాయి కొండ దగ్గర ముదురు గులాబి రంగు రోకలిబండలు బయటపడ్డాయి. సైనైడ్ విషం తయారుచేసుకునే జీవి అది. తన జోలికి రావద్దని శత్రువుకు ఆ రంగుతోనే చెబుతుంది. దాన్ని మొదట చూసి శాస్త్రవేత్తలకు కబురు చేసింది ప్రకృతి మీద ఆసక్తి ఉన్న మామూలు పౌరులు. ఆ ఏడాదే కొత్త జాతిగా వర్ణన అచ్చయింది.

మన రాష్ట్రంలో జరిగింది చూడండి. 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క నమూనాతో నీలిరంగు సాలీడును వర్ణించాడు. అది కలపతోపాటు రైల్లో వచ్చి ఉండాలి. సొంత చోటు ఏదో తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించేదాకా నూరేళ్లు గడిచాయి. అప్పటికే దాని అడవి చెడిపోయి ఉంది. నేడది అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. ఊరివాళ్లు తమ చుట్టూ ఉన్న జీవుల లెక్క ముందే రాసుకుని ఉంటే ఇంత ఆలస్యం జరిగేది కాదు.

కొల్లేటికీ ఆ గతి పట్టకూడదు. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల అయింది. ఆటపాక గూడబాతుల గురించి అందరికీ తెలుసు. చేపల చెరువుల కోసం తవ్విన నేలలో, వేసిన గట్లలో ఏ చిన్న జీవులు పోయాయో, ఏవి మిగిలాయో ఎవరు చెప్పగలరు?

రైతుకేం లాభం?

రోకలిబండ తిండి రాలిన ఆకు. అప్పుడప్పుడు లేత మొక్కలు కొరికినా, దాని అసలు పని చెత్తను ఎరువు చెయ్యడం. మంగుళూరు విశ్వవిద్యాలయం పరిశోధకులు పశ్చిమ కనుమల రోకలిబండలకు తోటల చెత్త వేసి, మంచి కంపోస్టు తయారవుతుందని చూపించారు. కోకో ఆకు మందంగా రాలే మన తోటల్లో ఈ పని ఏ రకం బాగా చేస్తుందో తెలియాలంటే ముందు రకాలు తెలియాలి.

మా కోరికలు

1. జీవవైవిధ్య చట్టం-2002 ప్రకారం ఏర్పడే జీవవైవిధ్య కమిటీల ముఖ్యమైన పని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయడం. ప్రతి పంచాయతీ రిజిస్టరులో నేల జీవులకు పేజీలు కేటాయించాలి.

2. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు వానాకాలంలో విద్యార్థులతో నమూనాలు సేకరించాలి. జాతి తేల్చేది ఎక్కువగా మగజీవి ఏడో కణుపు దగ్గర మారిపోయిన కాళ్లే. వాటిని మైక్రోస్కోపు కింద చూడాలి. ఊరు, తేదీ, దొరికిన చోటు రాసిన చీటీ లేనిదే ఏ సీసానూ తీసుకోకూడదు.

3. తోటల్లో సర్వేకు వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగి పామాయిల్ పరిశోధన సంస్థ చేయూతనివ్వాలి.

4. కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలిపి, నమూనా అక్కడ అప్పగించాలని అదే చట్టంలోని 39వ సెక్షన్ చెబుతోంది. జంతువులకు సంబంధించి అలాంటి సంస్థ భారత జంతు సర్వేక్షణ సంస్థ. నమూనాలు అక్కడికి చేర్చే బాధ్యత ఒక కళాశాలకు అప్పగించాలి.

5. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఏ జీవినీ పట్టకూడదు. ఫొటో తీసి వివరాలు రాసుకుంటే చాలు.

6. రైతులు రాలిన ఆకును తగలబెట్టకుండా చెట్ల మొదళ్లలోనే వదలాలి.

వీటికి పెద్ద ఖర్చు లేదు. చట్టం ఉంది, కళాశాలలున్నాయి, చూసే కళ్లున్నాయి. ఆగస్టు 15 గ్రామసభలో లేచి నిలబడి ఈ తీర్మానం పెట్టించండి: “మా ఊరి నేల జీవుల వివరాలు ఈ ఏడాదే రిజిస్టరులో నమోదు చేయాలి.” తీర్మానం ప్రతిని జిల్లా కలెక్టరుకు, రాష్ట్ర జీవవైవిధ్య మండలికి పంపించండి.

ఇట్లు,
కొల్లేటి ప్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయులు, విద్యార్థులు